గోడకు వండిపెట్టిన మనిషి

పాలు పొంగిన క్షణంలో అందరూ గిన్నె వైపు చూశారు. నేను గట్టు అంచు వైపు చూశాను. అక్కడ నా కూతురి వేళ్లు కనిపించాయి. పిల్ల కనిపించలేదు, వేళ్లే కనిపించాయి. తనకన్నా ఎత్తైన గట్టును పట్టుకుని, పైన ఏం జరుగుతోందో చూడాలని మునివేళ్ల మీద లేస్తోంది. పాలు ఆ వేళ్ల వైపే వస్తున్నాయి.

ఆళ్లగడ్డలో మా పెద్దత్త వాళ్ల ఇంట్లో కొత్త వంటిల్లు మొదలుపెట్టిన రోజు అది. పెద్దత్త అంటే మా మామగారి అన్న భార్య. కొత్త పొయ్యి మీద ముందుగా పాలు పొంగించాలి. పాలు ఏ దిక్కుకు పొర్లితే ఆ ఇంటికి ఏం కలిసొస్తుందో పెద్దవాళ్లు చెబుతారు. మామూలు వంటిళ్లలో పొయ్యి గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఇంటావిడా, ఆమె పక్కన ఇంకొకరూ తప్ప ఆ దిక్కు ఎవరికీ కనపడదు. ఇక్కడ పొయ్యి గది నడిమధ్యలో ఉంది. వెనక గోడ లేదు. నాలుగు పక్కలా చుట్టాలు మూగారు. తెల్లటి రాతి గట్టులో పొదిగిన గాజు పొయ్యి, గట్టుతో సమంగా, ఎక్కడా చిన్న అంచు కూడా లేకుండా మెరుస్తోంది. ఆపేది ఏదీ లేకపోతే పాలు ఏం చేస్తాయి? అన్ని పక్కలకూ పరిగెత్తాయి.

"నాలుగు దిక్కులా పొంగిందప్పా! ఇంగ ఈ ఇంటికి తిరుగుల్యా!" అని రుద్రవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అవతలి పక్కన ఇరుక్కున్నాను. పిల్ల పేరు పెట్టి అరిచాను గాని చప్పట్లలో అది కూడా సంతోషంలాగే వినిపించి ఉంటుంది.

పొయ్యి దగ్గర నిలబడ్డ పెద్దత్త ఒక్కతే నా కళ్లు ఎక్కడున్నాయో చూసింది. కుడి అరచేతిని పాలకూ ఆ వేళ్లకూ మధ్య రాతి మీద అడ్డంగా ఆనించింది, మడిలో నీళ్లకు మట్టికట్ట వేసినట్టు. కాగిన పాలు ఆ చేతికి కొట్టుకుని పక్కకు తిరిగి నేల మీదికి కారాయి. ఎడమచేత్తో పిల్లను వెనక్కి నెట్టింది. నేను చేరేసరికి ఆ కుడిచేయి కొంగు కింద ఉంది.

"అత్తా, చెయ్యి..."

"అరవద్దుమే. మంచి గడియ," అంది. ముఖాన నవ్వు అలాగే ఉంది.

ఎడమచేత్తో వడ్డించకూడదు కదా. ఆ కాలిన చేత్తోనే అందరికీ పాయసం పోసింది.

ఆమె పోయింది. మొన్న దినాలు కూడా అయిపోయాయి. అక్కడ అందరూ ఆమె ఎంత పనిమంతురాలో, ఎంతమందికి అన్నం పెట్టిందో చెప్పుకున్నారు. అదంతా నిజమే. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఆమె వీపు.

నేను కాపురానికి వచ్చినప్పటినుంచి నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఎన్నిసార్లు వెళ్లినా నన్ను మొదట పలకరించేది ఆ వీపే. పాత వంటిల్లు పొడుగ్గా, చీకటిగా ఉండేది. చివర్లో పొయ్యి. పొయ్యి వెనక మసిబారిన గోడ. ఆమె ఆ గోడ వైపు తిరిగి నిలబడి ఉండేది. గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడుకే, తల తిప్పకుండా, "ఎవురూ, నంద్యాల పిల్లేనా? పిల్లోళ్లను తెచ్చినావా, ఒక్కదానివే వచ్చినావా?" అనేది. నా అడుగుకూ తన కోడలి అడుగుకూ తేడా ఆమెకు తెలుసు. పళ్లెం అందించాలంటే చేయి వెనక్కి చాపేది, మనం వెళ్లి అందుకోవాలి. జొన్నరొట్టె తడుతూ గోడతోనే మాట్లాడేది. మొగుడి మీద కోపం వచ్చినా గోడకే చెప్పేది. "చూడబ్బా, మళ్లా పప్పులో ఉప్పు చాల్లేదంట. నిన్న ఎక్కువయిందన్య, ఈరోజు చాల్లేదన్య. నువ్వే చెప్పు ఎంత వెయ్యాల్నో." ఎవరితో అంటున్నావు అత్తా అంటే, "ఈ గోడతోనేమే. పెండ్లయినప్పటినుంచి దీనికే కదా వండిపెడతాండా," అనేది.

మధ్యాహ్నం పని తీరాక నడవలోకి వచ్చి, టీవీ ముందు నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని అనపకాయలు వలిచేది. పాత ఇళ్లను పడగొట్టి కొత్తగా మార్చే కార్యక్రమాలంటే ఆమెకు పిచ్చి. ఎక్కడివో ఇళ్లు, ఎవరివో మాటలు, పైన అతికించిన తెలుగు. ఆ తెల్లటి వంటిళ్లను చూస్తూ ఆమె చేసే తగాదా కోసమే నేను పక్కన కూర్చునేదాన్ని.

"కారం డబ్బా యాడ పెట్టిందిమే ఈ యమ్మ? తిరగమోత పెట్టినట్టే ల్యా. నూనె చుక్క యాడన్నా కనపడతాందా నీకు?"

"వాళ్లు మనలాగా వండరు అత్తా."

"మరేం చేస్తారు? నిమ్మకాయల గిన్నె పెట్టుకుని చూస్తా కూర్చుంటారా? ఓయమ్మో, గిన్నెలు కడిగే తొట్టి చూడు, ఆ గోడకుండాది! పొయ్యి ఈడ! అన్నం వార్చాలంటే గంజి కుండెత్తుకుని బస్సెక్కి పోవాల."

ఇంత ఎగతాళి చేసిన మనిషే ఒక దగ్గర మాత్రం ఆగిపోయేది. గది మధ్యలో పొయ్యి, దాని వెనక నిలబడి కూరగాయలు తరిగే ఆడమనిషి, ఎదురుగా ఎత్తు కుర్చీల్లో మొగుడూ పిల్లలూ. అది వచ్చినప్పుడు ఆమె చేతిలోని అనపకాయ సగం వలిచి అలాగే ఉండిపోయేది.

"చూడుమే. వంట చేస్తా మొగుని మొగం చూస్తాంది. ఆయప్ప కూడా ఈమె మొగమే చూస్తాండాడు."

అంతే అనేది. తర్వాత మళ్లీ కాయలు వలిచేది.

ఆమె కొడుకు, నాకు బావ, ఆళ్లగడ్డలో విత్తనాల దుకాణం నడుపుతాడు. అమ్మంటే ప్రాణం. ఆ మాట నేను వెటకారంగా అనడం లేదు. అమ్మ కోరిక కనిపెట్టాడు. వంటింటికీ నడవకూ మధ్య గోడ కొట్టించాడు. ఫోన్లో బొమ్మ చూపించి, సరిగ్గా ఇలాగే రావాలని మేస్త్రీని నిలబెట్టి చేయించాడు. పొయ్యి గది మధ్యలోకి, బావ ఐలాండు అని పిలిచే గట్టు మీదికి వచ్చింది. తొట్టి దూరంగా పక్క గోడకు పోయింది. పొగ పీల్చే గొట్టం పైకప్పు నుంచి వేలాడింది, కాని బావ తలకు తగులుతోందని దాన్ని పైకి లాగించారు. దాంతో ఎండుమిరపకాయలు వేయిస్తే ఇల్లంతా దగ్గేది. అందం కోసం వంటింటి నేలను ఒక మెట్టు ఎత్తు లేపారు. ఆ మెట్టు కింద రంగురంగుల దీపాలు.

పని జరుగుతున్నప్పుడే నేను అడిగాను. "బావా, గట్టుకు చుట్టూ కొంచెం అంచన్నా పెట్టించు. పిల్లలు తిరుగుతాంటారు."

"అంచు పెడితే లుక్కు పోతాదిమ్మా."

"ఆ మెట్టు ఎందుకు బావా? అత్త చేతిలో వేడి గిన్నెలుంటాయి."

బావ మా ఆయన వైపు తిరిగి నవ్వాడు. "ఏంరా, నీ పెండ్లాం నీళ్లను చూసినా భయపడతాదా?"

"అద్దంలో తన మొగం చూసినా భయపడతాది," అన్నాడు మా ఆయన. ఇద్దరూ నవ్వుకున్నారు. నా భయాలు మా రెండిళ్లలోనూ అందరికీ కాలక్షేపం.

సంగటి సంగతి ఎవరూ ఆలోచించలేదు. మా వైపు సంగటి నిలబడి కెలికేది కాదు. కుండను నేల మీదికి దించి, రెండు పాదాలతో కదలకుండా పట్టుకుని, కట్టెను రెండు చేతులా తిప్పాలి. పాత నాపబండ మీద కుండ మాట వినేది. ఈ నున్నటి పలకల మీద జారిపోయేది. కుండతో పాటు పెద్దత్త కూడా జరుగుతూ గది ఈ మూల నుంచి ఆ మూలకు చేరేది. "ఐలాండు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తాండా, పుణ్యమొస్తాది," అని తనే నవ్వేది.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇది కాదు. టీవీని ఎవరూ కదపలేదు. అది నడవలో ఎదుటి గోడకే ఉంది. సోఫా దాని వైపే ఉంది. గోడ కొట్టేశాక పెద్దత్తకు మనుషులు కనిపించారు, నిజమే. తలల వెనక భాగాలు కనిపించాయి. పెద్దమామ బట్టతల, బావ మెడ, మనవడి నడినెత్తి సుడి.

"అప్పుడు నా ఈపు వాళ్లకు కనపడతాండె," అని నాతో అంది. "ఇప్పుడు వాళ్ల ఈపులు నాకు కనపడతాండాయి. లెక్క సరిపాయ."

ఆ తర్వాత తెల్లరాయి మీద పసుపు మరకలు పడ్డాయి. చేపల పులుసు వాసన సోఫాకు పట్టింది. కోడలు పొద్దున్నే బడికి పాఠాలు చెప్పడానికి పోతుంది, ఆమె చీరలకు కూడా పోపు వాసన వచ్చింది. బావే మళ్లీ దారి కనిపెట్టాడు. ఇంటి వెనక, ప్రహరీకీ ఇంటి గోడకూ మధ్య సందు ఉంది. దాని మీద రేకులు వేయించి, పాత పొయ్యి పెట్టించాడు. "వాసనొచ్చే వంటలు ఆడ చేసుకోమా," అన్నాడు. వాసన రాని వంట మా ఇళ్లలో ఏముంది? ఆమె మొత్తం సందులోకి పోయింది. ఈసారి గోడ మరీ దగ్గర. మోచేయి చాపితే తగిలేది. ముందున్న వంటిల్లు చూసేవాళ్లకు మిగిలింది. గాజు సీసాల్లో ఎవరూ వండని రంగురంగుల పప్పులు పోసిపెట్టారు. వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకునేవాళ్లు. "టీవీలో చూసినట్టే ఉండాది," అనేవాళ్లు. నిజంగా అలాగే ఉండేది. అందులో వంట లేదు.

ఒక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఇంట్లో ఆమె తప్ప ఎవరూ లేరు. సందులో నుంచి వచ్చి, చేతులు తుడుచుకుని, నన్ను ఎత్తు కుర్చీలో కూర్చోమంది. నా కాళ్లు నేలకు అందలేదు. టీవీ ఆపేసింది. తను గట్టు అవతల నిలబడి, బొరుగులు తడిపి, ఉగ్గాని చేయడం మొదలుపెట్టింది. చేస్తున్నంత సేపూ నన్నే చూసింది. నేను కూడా ఆమెనే చూశాను. పోపు మాడింది. ఆమె పట్టించుకోలేదు.

"నీకు గదవ కింద పుట్టుమచ్చ ఉండాదే! నేను ఎప్పుడూ చూడలేదేమే."

"గడ్డం కిందదా? పుట్టినప్పటినుంచీ ఉంది అత్తా."

"ఉంటాదిలే. చూసేదానికి నాకు కుదరల్యా."

ఆ రోజే ఆమె అరచేయి చూశాను. పాలు కాల్చిన చోట చర్మం ముడుచుకుని, నున్నగా, లేతరంగులో మిగిలింది, చిటికెనవేలి కింది నుంచి మణికట్టు దాకా. ఆ వేలిని పూర్తిగా చాపలేకపోతోంది. ఇంట్లో చెప్పలేదా అని అడిగాను.

"ఎందుకు చెప్పాల? నేను వాళ్ల ఎదురుగానే నిలబడుకుంటినే. ఈ చేత్తోనే వడ్డిస్తాండా. ఎవురో ఒకరు చూస్తారులే, అడుగుతారులే అనుకుంటి." మాడిన ఉగ్గాని పళ్లెంలో పెట్టి నా ముందుకు తోసింది. "తిను. మాడిందని చెప్పొద్దు, నాకు తెలుసు."

ఎన్నాళ్లు చూసిందో, ఎవరూ అడగలేదు.

ఆమె ఎలా పడిందో అందరికీ తెలుసు. రేకుల సందులో సంగటి చేసి, కుండ ఎత్తుకుని, వాడని వంటింట్లోంచి నడవలోకి వస్తూ ఆ దీపాల మెట్టు దగ్గర కాలు తప్పింది. చేతుల్లో కుండ ఉన్న మనిషికి పాదాల కింద మెట్టు కనపడదు. తుంటి విరిగింది. తర్వాత మంచం దిగలేదు. మంచంలో ఆమెను గోడ వైపు తిప్పి పడుకోబెట్టేవాళ్లు, అటైతేనే నొప్పి తక్కువని.

దినాల రోజు ఆమె ఫోటోను ఆ గట్టు మీదే పెట్టారు. పూలదండ, ముందు దీపం. నడవలో జనం పట్టాలంటే టీవీ తీసి లోపలి గదిలో పెట్టాల్సి వచ్చింది. సోఫాను కూడా ఇటు తిప్పారు. అలా మొదటిసారి అందరూ ఆమె ముఖం చూస్తూ కూర్చున్నారు. వంటంతా వెనక సందులో జరిగింది. వండేవాళ్లం గోడ వైపు తిరిగి వండాము.

"కాలు జారింది, ఏం చేస్తాం, రాత," అన్నారు ఎవరో. బావ తలవంచుకుని ఏడుస్తున్నాడు. అతని ఏడుపులో అబద్ధం లేదు. అందుకే నాకు అతనితో పోట్లాడే దారి కూడా లేకపోయింది.

ఆ ఫోటో పక్కనే, రాతి మీద చేయి ఆనించి, మా ఆయన గోస్పాడు నుంచి వచ్చిన చుట్టాలతో అంటున్నాడు. "మేము కూడా ఇట్లే చేపిస్తాండాం. సోమవారం మేస్త్రీ వస్తాడు. గోడ తీసేస్తే ఇల్లు పెద్దదవుతాది."

మా వంటిల్లు నంద్యాలలో చిన్న ఇంట్లో చిన్నది. వంటింటికీ ముందు గదికీ మధ్య ఒక గోడ. దాన్ని తీయించే మాట కొంతకాలంగా నడుస్తోంది. నేను వద్దంటున్నాను. ఆయన దగ్గర ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "వంట చేస్తా పిల్లల మీద కన్నేసి ఉండొచ్చు కదా? అంత భయపడేదానివి నువ్వే కదా?" నిజమే. గోడ ఉంటే పిల్లలు కనపడరు. గోడ లేకపోతే పొయ్యికి పిల్లలు అందుతారు. కూతురికి ఇప్పుడు గట్టు పైన ఏముందో తెలుసు. కొడుకు మునివేళ్ల మీద లేచే వయసుకు వచ్చాడు.

నిన్న సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి వచ్చి చెప్పులు విడవగానే ఆయన టేపు తీసి గోడ కొలవడం మొదలుపెట్టాడు. నేను వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"జరుగు. కొలత కావల్ల."

"ఈ గోడ తియ్యనీను."

"మళ్లా మొదలుపెట్టినావా? పెద్దమ్మ కాలు జారి పడింది. వంటిల్లు ఏం చేసిందామెను?"

"పెద్దమ్మ కుడిచేతి మీద మచ్చ ఎట్లొచ్చిందో నీకు తెలుసా?"

ఆయన టేపు వదిలాడు. అది గిర్రున లోపలికి చుట్టుకుంది. "ఏ మచ్చ?"

"అరచేతి పక్కన. చిటికెనవేలు చాపుకోలేకపోయేది. నీకెన్నిసార్లు వడ్డించిందా చెయ్యి?"

"ఏమో... పనిచేసే చేతులు కదా, ఏదో కాలింటాది."

"పాలు పొంగించిన రోజు. నువ్వు గట్టు ముందరే నిలబడి చప్పట్లు కొడతాంటివి. పాలు నీ కూతురి వేళ్ల మీదికి పోతాంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది."

ఆయన ముందు నన్ను చూశాడు. తర్వాత ముందు గదిలో టీవీ చూస్తున్న పిల్లను చూశాడు. ఆ పిల్ల చేతులు చూశాడు. నాకు ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. కోపమే వచ్చింది. ఒకే గదిలో, ఒకే గట్టు ముందు, అడ్డం ఏమీ లేకుండా నిలబడి కూడా చూడనివాళ్లకు గోడ తీస్తే ఏం కనపడుతుంది?

తర్వాత ఆయన బయటికి పోయి మేస్త్రీకి ఫోన్ చేశాడు. కిటికీలోంచి వినిపించింది. "ఇప్పుడొద్దులేప్పా. ఏమీ లేదు, ఇంట్లో దినాలైనాయి కదా. రెండు నెలలు పోనీ." వద్దని చెప్పలేదు. తర్వాత చూద్దామన్నాడు. రెండు నెలల తర్వాత మళ్లీ ఈ గోడకు ఆనుకుని నిలబడాల్సింది నేనే.

అందరూ నిద్రపోయాక ఇదంతా రాస్తున్నాను. బయట బస్సుల చప్పుడు కూడా తగ్గింది. గెలిచానని అనిపించడం లేదు. పెద్దత్త కోరిక తప్పు కాదు. వండే మనిషి ముఖాన్ని ఎవరైనా చూడాలని కోరుకుంది, అంతే. దానికి ఆ ఇంట్లో వాళ్లు రాయి కొన్నారు, గాజు కొన్నారు, దీపాలు కొన్నారు. ఖర్చులేనిది ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నేను గోడను కాపాడుకున్నాను. అంటే ఇకనుంచి నేను కూడా దానికే వండిపెడతాను.

ఈ ఉదయం దోశలు పోసే ముందు వంటింటి గడపకు అవతల రెండు పీటలు వేసి, పిల్లలిద్దరినీ కూర్చోబెట్టాను. ఈ గడప దాటి లోపలికి రావద్దని చెప్పాను. తర్వాత ఇంకో మాట చెప్పాను.

"నేను వంట చేసేటప్పుడు మీకు నా ఈపే కనపడతాది. మొగం కనపడాలంటే అమ్మా అని పిలవండి. పనేమీ లేకపోయినా పిలవండి. నేను పొయ్యి తగ్గించి మీ వైపు తిరుగుతా. తిరిగినప్పుడు మాత్రం, మీరు టీవీ చూస్తా ఉండొద్దు."